ఎడారి రేడియో నుంచి మూడుల్ దాకా
2020లో కళాశాల మూతపడినప్పుడు, విద్యార్థుల కోసం మూడుల్ అనే ఆన్‌లైన్ బోధనా సాఫ్ట్‌వేర్‌లో పాఠాలు అమర్చడం నేర్చుకున్నాను. దాని రూపకర్త మార్టిన్ డూగియామస్ చిన్నతనంలో పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో ఉంటూ రేడియో ద్వారా సాగే దూరవిద్యతో చదువుకున్నారని తరువాత తెలిసింది. పెర్త్‌లోని కర్టిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆయన, మనుషులు కలిసి ఏదైనా నిర్మిస్తూ నేర్చుకుంటారన్న నమ్మకంతో రూపొందించిన మూడుల్‌ను, ఎవరైనా ఉచితంగా వాడుకొని మార్చుకునేలా 2002 ఆగస్టులో విడుదల చేశారు. మూడుల్ సంస్థ పెరిగింది కూడా సాఫ్ట్‌వేర్‌ను అమ్మి కాదు, సేవలందించే భాగస్వాముల ద్వారా. నన్ను అన్నిటికన్నా కదిలించింది ఈ నిర్ణయమే, ఎందుకంటే లైసెన్సు కొనవలసి వస్తే మా చిన్న కళాశాలకు అది అందేది కాదు. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని ఒక అమ్మాయి, పాఠం కింద తన మొదటి సందేహాన్ని రాసిన రాత్రి నాకింకా గుర్తుంది.