గరాజ్‌లో పెట్టిన వైన్ ఫ్రిజ్

మేముండేది కాలిఫోర్నియాలోని ట్రేసీలో. లోడై మాకు దగ్గరే. ముదురు ద్రాక్ష తీగల నుంచి తీసే జిన్‌ఫాండెల్ అనే ఎర్ర వైన్‌కి పేరున్న చోటు. వెళ్లినప్పుడల్లా ఒకటో రెండో సీసాలు తెచ్చుకునేవాళ్లం. అవి 12 అయ్యేసరికి ఒక చిన్న వైన్ ఫ్రిజ్ కొన్నాం. ఇంట్లో చోటు లేదని గరాజ్‌లో గోడకి ఆనించి పెట్టి, 55 ఫారెన్‌హీట్‌కి, అంటే దాదాపు 13 సెల్సియస్‌కి సెట్ చేశాను.

చలికాలమంతా ఏ ఇబ్బందీ రాలేదు. జూలైలో ఒక సాయంత్రం తలుపు తీస్తే, పై అరలో ఒక సీసా మూతి మీది రేకు ఉబ్బి ఉంది. కార్క్ లోపల్నుంచి పైకి తన్నుకొచ్చింది. కారిన వైన్ లేబుల్ మీద నల్లటి చారలా ఎండిపోయి, ముట్టుకుంటే వేలికి బంకగా అంటుకుంది. డిస్‌ప్లేలో 86. పెళ్లిరోజుకని దాచిన సీసా అది. ప్రాణం ఉసూరుమంది.

ఫ్రిజ్ పాడైందనే అనుకున్నాను. ఎదురింటి అన్న వచ్చి వెనక చెయ్యి పెట్టి చూశాడు. "దీంట్లో కంప్రెసర్ లేదు తమ్ముడూ. ఇంత వేడిలో ఇది ఏం చల్లబరుస్తుంది?" అన్నాడు.

అప్పుడు కూర్చుని మాన్యువల్ మొత్తం చదివాను. మాది థర్మోఎలక్ట్రిక్ రకం. కరెంటు ప్రవహిస్తుంటే లోపలి పలక ఒక వైపు చల్లబడుతుంది, రెండో వైపు వేడెక్కుతుంది. ఆ వేడిని వెనకున్న ఫ్యాన్ బయటికి తోయాలి. శబ్దం, అదురు పెద్దగా ఉండవు కానీ, చుట్టూ ఉన్న గాలి కంటే ఓ 20 డిగ్రీల దాకానే తగ్గించగలదు. ఆ రోజు గరాజ్‌లో 105 దాటింది. పాపం, అది చేయగలిగినంతా చేస్తూనే ఉంది. పైగా గోడకి ఆనించానేమో, ఫ్యాన్ జాలీ మీద దుమ్ము మందపాటి గుడ్డలా పేరుకుపోయింది. గరాజ్‌లోనే పెట్టాలనుకునేవాళ్లు కంప్రెసర్ ఉన్నదే, అదీ అంత వేడికి పనికొస్తుందని రాసి ఉంటేనే కొనండి.

ప్లగ్ తీసి, జాలీని మెత్తటి బ్రష్‌తో దులిపి వాక్యూమ్ పట్టాను. లోపల సబ్బు వాసన మిగలకూడదని గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి తుడిచాను. తలుపు సందులో డాలర్ నోటు పెట్టి మూసి లాగితే అన్ని చోట్లా బిగువుగానే ఉంది, కింది మూల మాత్రం సులువుగా జారిపోయింది. అక్కడ రబ్బరు గట్టిపడింది. వేడినీళ్లలో పిండిన గుడ్డతో కాసేపు అదిమితే మెత్తబడి మళ్లీ అతుక్కుంది.

భోజనాల గదిలో కుర్చీలు జరిపి, ఎండ పడని మూలకి మార్చాను. వెనక జానెడు ఖాళీ వదిలాను. సీసాలు పెట్టకముందు గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి ఒక రోజంతా లోపల ఉంచాను, ఎందుకంటే డిస్‌ప్లే గాలి చల్లదనాన్నే చూపిస్తుంది. నీళ్లు 58 దగ్గర నిలిచాయి. 55 రాలేదని నాకు బెంగ లేదు. రోజుకోలా ఎగుడుదిగుడు కాకపోవడమే వైన్‌కి ముఖ్యం. కార్క్ ఎండకుండా సీసాలన్నీ పడుకోబెట్టాను. ఇప్పుడు మూడు నెలలకోసారి జాలీ దులుపుతున్నాను.

దసరాకి అన్నావాళ్లు మటన్ వండి పిలిస్తే, అదే లోడై జిన్‌ఫాండెల్ ఇంకో సీసా తీసుకెళ్లాను. అన్నే తెరిచాడు. కార్క్ కొస తడిగా, ముదురు ఎరుపులో ఉంది. పక్కల మీద మాత్రం ఒక్క చారా లేదు.