థెసారస్ పక్కన పెట్టుకుని రాసిన పేరా

మొన్న ఒకమ్మాయి తన థీసిస్‌లో ఒక చాప్టర్ పంపించింది, కాస్త చూసి పెట్టమని. వాళ్ల గైడ్ మార్జిన్‌లో "మాటలు రిపీట్ అవుతున్నాయి, వెరైటీ లేదు" అని రాశారంట, దాంతో రెండు రాత్రులు కూర్చుని థెసారస్ (పర్యాయపదాల నిఘంటువు) చూసుకుంటూ రిపీటైన మాటలన్నీ మార్చేసింది. ఒకే పేరాలో మొదటి వాక్యంలో స్టూడెంట్స్, రెండో దాంట్లో లెర్నర్స్, ఆ తర్వాత ప్యూపిల్స్, చివర్లో పార్టిసిపెంట్స్. చదువుతూ చదువుతూ అక్కడ ఆగిపోయాను, ఈ పార్టిసిపెంట్స్ ఎవరు, పైన చెప్పిన స్టూడెంట్స్ అందరూనా లేకపోతే వాళ్లలో టెస్ట్ రాసిన కొంతమందేనా అని. ఫోన్ చేసి అడిగితే "అందరూ ఒకటేనండి, అదే మాట మళ్లీ మళ్లీ రాయకూడదని మార్చాను" అంది.

తప్పు ఆ పిల్లది కాదు. చిన్నప్పటి నుంచి మనకి పునరుక్తి దోషం అని చెప్పారు, పర్యాయపదాలు బట్టీ పట్టించారు, ఆ అలవాటే ఇంగ్లీష్ రాసేటప్పుడూ చేతికొస్తుంది. కానీ రీసెర్చ్ పేపర్లో టెర్మ్ అంటే మనిషి పేరు లాంటిది, ఒకసారి పెట్టాక చివరిదాకా అదే ఉండాలి. అది పదకొండు సార్లు వచ్చినా సరే, చదివేవాళ్లకి అడ్డు రాదు. పేరు మారిందంటే మాత్రం మనిషి మారాడనే అనుకుంటారు.

మాట మార్చాక అర్థం జారిపోయిన చోట్లు ఇంకా ఉన్నాయి. షో అన్న క్రియ నాలుగుసార్లు వచ్చిందని ఒకచోట సజెస్ట్, ఒకచోట ఇండికేట్, ఒకచోట ప్రూవ్ అని పెట్టింది. థెసారస్‌లో ఇవన్నీ పక్కపక్కనే ఉంటాయి నిజమే, కానీ సజెస్ట్ అంటే "అలా అనిపిస్తోంది" అన్నంత మెత్తగా ఉంటుంది, ప్రూవ్ అంటే ఇక మాట్లాడటానికేం లేదు, తేలిపోయింది అన్నట్టు. ఒక్క క్లాసు మీద చేసిన సర్వేకి ప్రూవ్ అని రాస్తే ఎగ్జామినర్ అక్కడే పట్టుకుంటారు. ఇంకోచోట ఇంక్రీజ్ బదులు మార్కులు ఎస్కలేట్ అయ్యాయని రాసింది. గొడవలు, ఖర్చులు, యుద్ధాలు ఎస్కలేట్ అవుతాయి, మార్కులు అవ్వవు. "గ్లాసుడు జలం ఇవ్వవా" అని మనింట్లో ఎవరైనా అంటారా? జలం అన్నా నీళ్లే కదా మరి. మన భాషలో ఈ తేడా చెవికే తెలిసిపోతుంది, పరాయి భాషలో ఆ చెవి రావాలంటే ఆ మాట ఎవరి పక్కన కూర్చుంటుందో చాలాసార్లు చూసి ఉండాలి, అందుకే నేను థెసారస్ కంటే ఉదాహరణ వాక్యాలిచ్చే లెర్నర్ డిక్షనరీ చూడమంటాను.

ఈ వెరైటీని కొలిచే లెక్కలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే పాతగా వాడేది టైప్ టోకెన్ రేషియో, మొత్తం 100 మాటల్లో వేరువేరు మాటలు 70 ఉంటే 0.70 అన్నమాట. దీంతో చిక్కేంటంటే రాసేకొద్దీ ది, ఆఫ్, ఇన్ లాంటివి తిరిగి తిరిగి వస్తూనే ఉంటాయి కాబట్టి ఎంత బాగా రాసేవాళ్లకైనా పేపర్ పొడుగయ్యేకొద్దీ ఈ నంబర్ పడిపోతుంది, 200 మాటల పేరాని 2000 మాటల వ్యాసంతో దీంతో పోల్చడం న్యాయం కాదు. అందుకని ఎంటీఎల్‌డీ (మెజర్ ఆఫ్ టెక్స్చువల్ లెక్సికల్ డైవర్సిటీ, రాతలో మాటల వెరైటీకి కొలత) అని ఇంకో పద్ధతి తెచ్చారు, మొదటి నుంచి చదువుకుంటూ వెళ్లి ఆ రేషియో 0.72కి పడిన ప్రతిసారీ ఒక ముక్క అని లెక్కేసి, మళ్లీ మొదలుపెట్టి, సగటున ఒక్కో ముక్క ఎన్ని మాటలుందో చూస్తారు, వెనక నుంచి ముందుకి కూడా ఇలాగే చేసి రెండిటి సగటు తీస్తారు. పొడుగు సమస్య దీంతో చాలావరకు తగ్గుతుంది. అయినా స్టూడెంట్స్ ని ప్యూపిల్స్ చేస్తే ఈ నంబర్ కూడా పెరుగుతుంది! ఆ మాట అక్కడ సరిపోయిందా లేదా అన్నది లెక్కకి కనపడదు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో లెక్సికల్ రిసోర్స్‌కి, అంటే పదసంపదకి, నాలుగో వంతు మార్కులుంటాయని అందరూ పెద్ద పెద్ద మాటలు దించేస్తారు గానీ అందులో మాట సరిగ్గా వాడారా అన్నది కూడా చూస్తారు.

మరి వెరైటీ ఎక్కడి నుంచి రావాలి? ఆవరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు 2000లో ఒక అకడమిక్ వర్డ్ లిస్ట్ ఇచ్చారు, సుమారు 35 లక్షల మాటల అకడమిక్ రాతల్లోంచి ఏరిన 570 వర్డ్ ఫ్యామిలీలు, ఆ రాతల్లో దాదాపు 10 శాతం మాటలు వీటివే. నాకు ఇందులో నచ్చేది ఫ్యామిలీ అన్న ఆలోచన. అనలైజ్ తెలిస్తే అనాలిసిస్, అనలిస్ట్, అనలిటికల్ కూడా చేతిలో ఉన్నట్టే, వాక్యం ఎలా తిరిగితే అలా వాడుకోవచ్చు, అర్థం ఎక్కడికీ పోదు. ఇంకోటి, ముందు వాక్యంలో స్కోర్లు తగ్గాయని చెప్పి తర్వాతి వాక్యాన్ని "దిస్ డిక్లైన్" అని ఎత్తుకోవడం. పైన చెప్పిందంతా ఒక్క నామవాచకంలో మూటకట్టి ముందుకి తీసుకెళ్తాం, కొత్త మాటా వస్తుంది, వాక్యానికి వాక్యం అతుక్కుంటుంది కూడా.

ఇవన్నీ ఆ అమ్మాయికి ఒక గంట ఫోన్లో చెప్పాను. నిన్న కొత్త డ్రాఫ్ట్ పంపింది. స్టూడెంట్స్ అన్నిచోట్లా స్టూడెంట్స్ గానే ఉన్నారు, ప్రూవ్ తీసేసి సజెస్ట్ పెట్టింది. మూడో పేరాలో రెండు గ్రూపుల మార్కుల తేడా గురించి రెండు వాక్యాలు రాసి, తర్వాతి వాక్యం "దిస్ గ్యాప్" అని మొదలుపెట్టింది. అది నేను చెప్పిన ఉదాహరణ కాదు, తనే పట్టుకుంది.