వాచీ కింద తెల్లటి పట్టీ

"బాబాయ్, వాచీ తీసి చెయ్యి ఇలా పెట్టండి" అంటూ మా అన్నయ్య కూతురు ఫోన్ తీసింది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర జ్యూస్ షాపు ముందున్నాం, మిట్టమధ్యాహ్నం. వాచీ ఉన్నంత మేర తెల్లటి పట్టీ, మిగతా చెయ్యంతా మాడిపోయి ఉంది. ఫోటో పక్కన 'ఇప్పుడు యూవీ ఇండెక్స్ 11' అని రాసి స్టోరీలో పెట్టేసింది. ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాల తీవ్రతను చెప్పే అంకె అది.

సాయంత్రానికి వాళ్ళ కాలేజీ పిల్లలంతా మొదలుపెట్టారు. చెప్పుల పట్టీల గుర్తులు, చొక్కా చేతుల దగ్గర గీతలు. బైకుల మీద తిరిగే కుర్రాళ్ళవే ఎక్కువ. సన్‌స్క్రీన్ అంటే ఆడపిల్లల గోల అనే బ్యాచ్ వీళ్ళే!

నాకు నచ్చిందేంటంటే, ఎక్కడా 'నల్లబడతారు' అనలేదు. మన ఇళ్ళల్లో ఎండ మాటెత్తితే చాలు, రంగు గొడవే, అక్కణ్ణుంచి పెళ్ళిచూపుల దాకా. ఈ పిల్ల చర్మ క్యాన్సర్ గురించి రాసింది. ఇండెక్స్ 3కి చేరినప్పటి నుంచే జాగ్రత్త పడాలట. మబ్బు పట్టినా యూవీ కిరణాలు వస్తాయి, సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోవాలి.

ఆస్ట్రేలియాలో 1981లోనే టీవీలో ఓ కార్టూన్ పక్షి చేత చొక్కా, క్రీమ్, టోపీ అని చెప్పించారు. ఇప్పుడు ఆ పని స్టోరీలు చేస్తున్నాయి.

రేపటి పోస్టు చెవుల మీదట. హెల్మెట్ ఉంటే చెవులకేం కాదు కదా అన్నాను.

"మనూళ్ళో పెట్టుకునేదెవరు బాబాయ్?" అంది.