సోలార్ హీటర్ నీళ్లు కాగడం లేదా? ముందు మిక్సర్ చూడండి

ఎండ మండిపోతున్నా కుళాయిలో గోరువెచ్చని నీళ్లే వస్తుంటే అందరి చూపూ మేడ మీది గాజు ట్యూబుల మీదికే పోతుంది. దోషం చాలాసార్లు కింద, వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే బాత్రూమ్ మిక్సర్ కుళాయిలో ఉంటుంది.

వేడినీళ్లు, చన్నీళ్లు రెండు పిడులూ తెరిచే ఉంచి, హ్యాండ్ షవర్‌ను చివర నొక్కి ఆపేస్తారు. చన్నీళ్ల లైనులో ఒత్తిడి ఎక్కువగా ఉంటే ఆ నీళ్లు మిక్సర్ గుండా వేడి లైనులోకి ఎదురెక్కుతాయి. చన్నీళ్లకు మాత్రమే ప్రెషర్ పంపు పెట్టిన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. పరీక్ష తేలిక: సోలార్ ట్యాంకుకు వచ్చే చన్నీళ్ల వాల్వు కట్టేసి, ఏదైనా వేడినీళ్ల కుళాయి తిప్పండి. పైపులో మిగిలినవి వచ్చాక ధార ఆగిపోవాలి. ఆగకుండా చల్లగా వస్తూనే ఉంటే ఎక్కడో రెండు లైన్లూ కలుస్తున్నట్టే. ఒక్కో మిక్సర్ పిడులు కట్టేస్తూ పోతే దొంగ దొరుకుతాడు. దాని వేడి లైనుకు నీళ్లను ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు బిగిస్తే సరి.

మిక్సర్లన్నీ బాగుంటే అప్పుడు పైకెక్కండి. ట్యూబు అడుగున అద్దంలా మెరిసే వెండిరంగు పూత తెల్లగా పాలిపోయిందంటే రెండు గాజు పొరల మధ్య ఉండే శూన్యం పోయింది, ఆ ట్యూబు మార్చాల్సిందే. కొత్తది ఎక్కించేటప్పుడు రబ్బరు రింగుకు సబ్బునీళ్లు రాసి, మెల్లగా తిప్పుతూ తోయాలి, నూనె వద్దు. ఎండలో ఖాళీగా ఉన్న ట్యూబు లోపల 200 డిగ్రీలు దాటుతుంది. అందులో చన్నీళ్లు పడితే గాజు పగులుతుంది కాబట్టి నీళ్లు నింపే పని తెల్లవారకముందే, లేదా ముందురోజు నుంచే గుడ్డ కప్పి ఉంచి చేయాలి.

ధార సన్నగా, తెరలు తెరలుగా వస్తుంటే అది గాలి అడ్డం. ట్యాంకు పైనుంచి లేచే గాలి గొట్టం చన్నీళ్ల తొట్టి మట్టం కంటే ఎత్తుగా, మూత లేకుండా ఉండాలి. వేడి లైను మధ్యలో పైకి లేచి దిగినా ఆ మలుపులో గాలి చిక్కుకుంటుంది. గాజు ట్యూబులకు బదులు చదునైన ప్యానెల్ ఉండే ఫ్లాట్ ప్లేట్ రకంలో ఇంకో నియమం: ట్యాంకు అడుగుభాగం, ప్యానెల్ పైఅంచు కంటే దాదాపు 30 సెంటీమీటర్లు ఎత్తుండాలి. లేకపోతే రాత్రి నీళ్లు వెనక్కి తిరిగి, పగలు కాగిన వేడంతా ప్యానెల్ గుండా పోతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఫ్లాట్ ప్లేట్ సన్నని రాగి గొట్టాలు గారతో మూసుకుపోతాయి. అలాంటి నీళ్లకు గాజు ట్యూబులే నయం. వాటి గార అడుగున చేరుతుంది, తీసి కడుక్కోవచ్చు.

పరిమాణం కూడా చూసుకోండి. 100 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి దాదాపు 4 యూనిట్ల (కరెంటు బిల్లులో లెక్కించే యూనిట్లే) వేడి కావాలి. మంచి ఎండరోజు చదరపు మీటరుకు 5 యూనిట్లు పడితే, నీళ్లకు చేరేది అందులో సగం అనుకోండి. అంటే మంచి ఎండరోజే దాదాపు 1.6 చదరపు మీటర్ల ఎండ పట్టే వైశాల్యం కావాలి, అది 2 చదరపు మీటర్లకు తగ్గితే మబ్బురోజు ఇబ్బందే.

లోపమేమీ లేకుండానే పొద్దున నీళ్లు చల్లగా ఉండడానికి ఇంకో కారణం సాయంత్రం స్నానాలు. ఎన్ని లీటర్లు వాడితే అన్ని చన్నీళ్లు ట్యాంకులోకి దిగి రాత్రంతా కలిసిపోతాయి. కరెంటు కాయిల్ వేయాలనుకుంటే స్నానానికి కాస్త ముందు, కావలసినంతసేపే వేయండి. రాత్రంతా వదిలేస్తే పొద్దుటికే ట్యాంకు వేడెక్కి ఉంటుంది, ఎండకు చేయడానికి పని మిగలదు.