స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ తన్ను (కాల్చినప్పటి కుదుపు) తగ్గించే పని: ఇప్పటిదాకా

రైఫిల్ 4.5 మి.మీ. బ్రేక్ బారెల్ స్ప్రింగర్: బారెల్ వంచితే స్ప్రింగ్ ఎక్కుతుంది, కాల్చినప్పుడు ఆ స్ప్రింగ్ పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ నొక్కిన గాలి పెల్లెట్‌ను తోస్తుంది. స్కోప్‌తో కలిపి 3.5 కిలోలు, పిస్టన్ 250 గ్రాములు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 80 మి.మీ. పెల్లెట్ 0.53 గ్రాములది, దూరం 10 మీటర్లు. ఒక్కో మార్పు తర్వాత 10 షాట్ల గ్రూపులు మూడు. రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి అందులో 4.5 తీసేస్తే గ్రూపు సైజు. ఏమీ ముట్టుకోకముందు సగటు 17 మి.మీ.

ముందు తన్ను ఎక్కడిదో తేల్చుకోవాలి. పెల్లెట్ 400 మి.మీ. బారెల్ దాటేలోపు దానివల్ల రైఫిల్ వెనక్కి జరిగేది 0.53 × 400 ÷ 3500, అంటే 0.06 మి.మీ. పిస్టన్ వల్ల జరిగేది 250 × 80 ÷ 3500, దాదాపు 5.7 మి.మీ. స్ప్రింగ్ బరువులో కొంత దీనికి తోడవుతుంది. ఆపైన పిస్టన్ తన ముందు నొక్కుకుపోయిన గాలి దిండుకు కొట్టుకుని ఆగుతుంటే రైఫిల్ ముందుకు గుంజుతుంది. మామూలు స్కోపులు పాడయ్యేది ఈ ముందు గుంజుకే. కాబట్టి స్ప్రింగర్‌కు మజిల్ బ్రేక్ (బారెల్ మూతి దగ్గర గాలిని పక్కకు మళ్లించే ముక్క) బిగించడం డబ్బు దండగ. అది పనిచేసేది పెల్లెట్ బయటికి వెళ్లాక వచ్చే కొద్దిపాటి గాలి మీదే, పిస్టన్ తన్ను మీద కాదు.

ఒలింపిక్ స్థాయి 10 మీటర్ల పోటీల్లో, 2012 లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన పోటీతో సహా, ఈ బాధ లేదు. అవి గాలి సిలిండర్ రైఫిళ్లు, పిస్టనే ఉండదు. అంతకుముందు తరం ఫైన్‌వెర్క్‌బావ్ 300లో యాక్షన్ (బారెల్, పిస్టన్ ఉన్న లోహపు భాగం) మొత్తం పట్టాల మీద వెనక్కి జారేది, స్టాక్ (చేత్తో, భుజంతో పట్టే భాగం) కదిలేది కాదు.

మొదటి మార్పుకు ఖర్చు లేదు: పట్టు. గట్టిగా పట్టుకుంటే తన్ను తగ్గదు, షాట్ షాట్‌కూ మారుతుంది. ముందు చెయ్యి అరచేయి తెరిచి, వేళ్లు మూయకుండా, ట్రిగ్గర్ గార్డ్‌కు కాస్త ముందు స్టాక్‌ను దాని మీద ఆనించాలి. చోటు 2 సెం.మీ. మారినా గుండు వేరే చోట పడుతుంది, అందుకని అక్కడ టేపు ముక్క అంటించాలి. బట్ (స్టాక్ వెనక చివర) భుజానికి తగిలితే చాలు, నొక్కకూడదు. గుండు తగిలాక ఒక సెకను స్కోప్‌లోంచి కన్ను తీయకూడదు. దీంతోనే సగటు 12 మి.మీ.కి వచ్చింది.

తర్వాత స్టాక్ స్క్రూలు. ముందు వైపు రెండూ, ట్రిగ్గర్ గార్డ్ దగ్గరిదీ విప్పి, నూనె జిడ్డు స్పిరిట్‌తో తుడిచి, స్క్రూ వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క వేసి బిగించాలి. ఎర్రది వేస్తే మళ్లీ విప్పడానికి వేడి చేయాల్సొస్తుంది. స్కోప్ మౌంటు వెనక స్టాప్ పిన్ లేకపోతే మౌంటు కొద్దికొద్దిగా వెనక్కి పాకుతుంది. జీరో (గురికి సరిపెట్టిన స్కోప్ అమరిక) జరిగిపోతుంటే స్కోప్‌ను తిట్టే ముందు ఇది చూడండి.

అసలు పని లోపల. పెల్లెట్ లేదని, స్ప్రింగ్ ఎక్కించి లేదని రెండుసార్లు చూసుకున్నాకే విప్పాలి. వెనక మూసి ఉంచే ఎండ్ ప్లగ్ వదలగానే స్ప్రింగ్ 50 మి.మీ. దాకా బయటికి దూకుతుంది. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా చేత్తో అదిమి పట్టే సాహసం వద్దు. ఇందులో పాత గైడు (స్ప్రింగ్‌ను లోపలి నుంచి నిటారుగా పట్టే కడ్డీ) స్ప్రింగ్‌లో లొడలొడ ఆడుతోంది. కాల్చాక వినిపించే ‘టంయ్’ మోత దీనిదే. డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) రాడ్డును లేత్ మీద తిప్పించి, స్ప్రింగ్ చేత్తో నెడితే బిగువుగా ఎక్కే సైజుకు తేవాలి. స్ప్రింగ్ నొక్కుకున్నప్పుడు వెడల్పు కాస్త పెరుగుతుంది కాబట్టి కాక్ చేసేటప్పుడు (స్ప్రింగ్ ఎక్కించేటప్పుడు) పట్టేయదు. స్ప్రింగ్ కొనకు నున్నగా రుద్దిన స్టీలు వాషర్లు రెండు వేస్తే మెలి తిరిగే విసురు స్టాక్‌కు చేరదు.

గ్రీజు దగ్గరే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు. స్ప్రింగ్‌కు చిక్కటి డ్యాంపింగ్ గ్రీజు పలచగా, వేలికి రంగు అంటేంత. ఎక్కువైతే వేగం పడిపోతుంది. పిస్టన్ పక్కలకు మోలీ పేస్టు (మాలిబ్డినం కందెన) రుద్ది తుడిచేయాలి. పిస్టన్ కొనకున్న సీల్‌కు ముందు వైపు ఏమీ వద్దు. అక్కడ నూనె చేరితే గాలి నొక్కుడు వేడికి అంటుకుని పేలుతుంది, పొగ వస్తుంది, సీల్ కాలుతుంది, గ్రూపు చెదురుతుంది.

బిగించాక బ్రీచ్ (పెల్లెట్ పెట్టే బారెల్ వెనక చివర) మీద టిష్యూ పేపరు పేలిక పెట్టి, పెల్లెట్‌తోనే కాల్చాలి. పేలిక ఎగిరితే బ్రీచ్ సీల్ లీకు. లీకైతే గాలి దిండు పలచనై పిస్టన్ ఇనుముకు కొట్టుకుంటుంది. పెల్లెట్ లేకుండా కాల్చినా అదే గతి. ఇక్కడ ఆ సీల్ కింద సన్నటి షిమ్ (ఎత్తు పెంచే పలచటి ముక్క) వేశాక పేలిక కదల్లేదు. సగటు 9 మి.మీ.

బరువు చివర. బోలు ప్లాస్టిక్ స్టాక్‌లో 500 గ్రాముల సీసపు గుళ్లు, బట్‌లో 300, ముందు 200, గలగలమనకుండా ఫోమ్‌తో దట్టించి. లెక్క ప్రకారం 5.7 కాస్తా 5 మి.మీ. అయింది. గ్రూపులో తేడా మిల్లీమీటరు లోపే, చేతులకు మాత్రం బాగా తెలుస్తోంది. నిలబడి కాల్చేవాళ్లకు సగం తీసేయమనే సలహా. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో ఇప్పుడు 180 మీ./సె., అంటే సుమారు 8.6 జూళ్లు. మన దగ్గర లైసెన్సు అక్కర్లేని 20 జూళ్ల హద్దుకు చాలా కిందే. తర్వాతి పని 0.67 గ్రాముల పెల్లెట్. బరువెక్కితే పిస్టన్ వెనక్కి ఎగిరిపడటం పెరుగుతుంది, కాబట్టి ముందు ఒక్క గ్రూపే కాల్చి చూడాలి.