మేపుల్ చెక్క మీద లత: నా తుపాకీ స్టాక్ నగిషీ అనుభవం

నగిషీ మొదలుపెట్టే నాటికి ఆ చెక్క నా దగ్గరికి వచ్చి పద్నాలుగు నెలలయింది. మందపాటి మేపుల్ పలకను స్టాక్ ఆకారానికి, అంటే తుపాకీ గొట్టాన్ని పట్టి ఉంచే చెక్క భాగం ఆకారానికి తెచ్చాను. 42 అంగుళాల ఎనిమిది పలకల గొట్టం కూర్చోడానికి గాడి తొలిచాను. లాక్ (మందుని పేల్చే యంత్రం), ఇత్తడి బట్‌ప్లేట్ (భుజానికి ఆనే చివర తొడుగు), ట్రిగ్గర్ గార్డ్ అన్నీ అమర్చాను. ఆ పద్నాలుగు నెలల కథ వేరే. ఇక్కడ రాస్తున్నది ఆ తర్వాతి మూడున్నర నెలల గురించి. చెక్కబోయే ముందు దీని గురించి తెలుగులో చదువుదామని వెతికాను, నాకు ఒక్క ముక్క కూడా దొరకలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేనుండేది తూర్పు పెన్సిల్వేనియాలో. పొద్దున కంప్యూటర్ ఉద్యోగం, సాయంత్రం గరాజ్‌లో చెక్కపని. మా నాన్న కృష్ణా జిల్లాలో వడ్రంగి. ద్వారబంధాల మీద లతలు, పద్మాలు, మామిడి పిందెలు చెక్కడంలో మా చుట్టుపక్కల ఆయనకి మంచి పేరుండేది. నేను చదువులో పడి ఉలి పట్టలేదు. నలభై ఏళ్ల వయసులో, ఇంత దూరం వచ్చాక, దాని మీద మనసు పడింది.

కారణం మా ఇంటికి అరగంట దూరంలో, నజరెత్ దగ్గరున్న పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ మ్యూజియం. లాంగ్‌రైఫిల్ అంటే, మూతి నుంచి మందు కూరి, చెకుముకి రాయి నిప్పురవ్వతో పేల్చే పొడుగాటి తుపాకులవి. 18వ శతాబ్దంలో జర్మనీ నుంచి వలస వచ్చిన పనివాళ్లు తమతో పొట్టి వేట తుపాకుల పనితనం తెచ్చారు. అక్కడ దాన్ని యేగర్ అంటారు. ఇక్కడికొచ్చాక గొట్టం పొడుగైంది, వాల్‌నట్ చెక్క స్థానంలో మేపుల్ వచ్చింది. నజరెత్ పక్కనే క్రిస్టియన్స్ స్ప్రింగ్ అనే, మొరేవియన్ క్రైస్తవ శాఖ వాళ్ల స్థావరంలో ఆండ్రియాస్ ఆల్‌బ్రెక్ట్, ఆయన తర్వాత క్రిస్టియన్ ఓర్టర్ తుపాకుల పనిశాల నడిపారు. ఇదే రాష్ట్రంలోని లాంకస్టర్‌లో జేకబ్ డికర్ట్, లెబనాన్ అనే ఊళ్లో జె.పి. బెక్ ఈ తుపాకులు చేసేవారు. ఏ ఊరి పనివాళ్ల బాణీ వాళ్లదే. తెలిసినవాళ్లు తుపాకీ మడమ మీద, అంటే భుజానికి ఆనే వెనక భాగం మీద, లత తిరిగిన తీరు చూసి ఇది ఏ ప్రాంతపు పనో చెప్పేస్తారు. మన దగ్గర చీర అంచు చూసి ఏ ఊరి నేతో చెప్పినట్టే. అద్దం వెనక ఆ లతని చూసినప్పుడు నాకు మా ఇంటి గడప పైనున్న లత గుర్తొచ్చింది. అది మొలక.

నాకు నేర్పింది మా దగ్గర్లో ఉండే ఒక పెద్దాయన. ఎన్నో ఏళ్లుగా ఈ తుపాకులు చేస్తున్నాడు. స్టాక్ తీసుకెళ్లి చూపిస్తే, మొదట చేత్తో తడిమాడు. గొట్టం తోక దగ్గర, అంటే మణికట్టు (చెయ్యి పట్టుకునే సన్నటి భాగం) పైన, బొటనవేలు పెట్టి ఆగిపోయాడు. ఇక్కడ చెక్క మిగల్చలేదే అన్నాడు.

ఇది ముందే తెలిసి ఉండాల్సిన సంగతి. ఉబ్బెత్తు నగిషీ ఎక్కడ రావాలో అక్కడ స్టాక్ ఆకారం తీసేటప్పుడే కాస్త చెక్క అదనంగా ఉంచాలి. అంగుళంలో పదహారో వంతు చాలు. చెంప ఆనించే దిమ్మ వెనక, గొట్టం తోక చుట్టూ, లాక్ అమర్చే పలకల చివర, కింది వైపు ర్యామ్‌రాడ్ (మందు కూరే కడ్డీ) లోపలికి వెళ్లే చోట, ఈ నాలుగు చోట్లా. నేను ఉత్సాహం కొద్దీ తోక దగ్గర చిత్రిక పట్టి, గీకి, నున్నగా చేసేశాను. అక్కడ ఉబ్బెత్తు పని పెడితే మణికట్టు మరీ సన్నబడుతుంది. తుపాకీ ఎప్పుడూ విరిగేది అక్కడే. అందుకని తోక దగ్గర గీత నగిషీతో సరిపెట్టాం. అంటే చెక్క దించకుండా, సన్నటి గాడులతోనే ఆకు, తీగ గీయడం. పాత తుపాకుల్లో రెండు రకాలూ కలిసే ఉంటాయి కాబట్టి అది అతుకులా కనబడలేదు. చెంపదిమ్మ వెనక మాత్రం చెక్క మిగిలింది. అసలు లత అక్కడే.

గీయడానికే మూడు వారాలు పట్టింది. కాగితం మీద గీసుకుని అంటిద్దామనుకున్నాను. స్టాక్ అన్ని వైపులా వంపు తిరిగి ఉంటుంది, కాగితం ముడతలు పడుతుంది, బొమ్మ సాగిపోతుంది. పెన్సిల్‌తో సూటిగా చెక్క మీదే గీయాలి, తుడవాలి, మళ్లీ గీయాలి. పాత జర్మన్ బరోక్ అనే వంపుల అలంకార పద్ధతిలో అంతా ఇంగ్లిష్ సి అక్షరం వంపు మీదే నడుస్తుంది. ఒక పెద్ద సి, దాని వీపు మీంచి ఇంకొకటి, చివర చుట్ట. వంపు పోనుపోను బిగుసుకోవాలి, ఫెర్న్ మొక్క లేత చిగురు చుట్టుకున్నట్టు. ఎక్కడా ఒకే గుండ్రం ఉండకూడదు. కొమ్మ తల్లి తీగ నుంచి చీలేటప్పుడు అడ్డంగా పుట్టకూడదు, దాంతోపాటు కొంత దూరం ప్రయాణించి పక్కకి వాలాలి. నేను మొదట గీసినవన్నీ అడ్డంగా పుట్టిన కొమ్మలే. పెద్దాయన నోటితో ఏమీ అనకుండా ఎరేజర్ నా చేతికిచ్చేవాడు.

మధ్యలో ఒక ఆలోచన వచ్చింది, మామిడి పిందె పెడితే ఎలా ఉంటుందని. రెండు రోజులు గీసి చూశాను. విడిగా బాగుంది. లతలో పెట్టేసరికి పరాయి ఇంటికొచ్చిన చుట్టంలా ఒక మూల కూర్చుంది. తీసేశాను. ఈ తుపాకీ ఈ నేలది, దాని లత దాని బాణీలోనే ఉండనీ అనిపించింది. ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదే అనుకుంటాను.

పనిముట్లు అనుకున్నంత ఎక్కువ అక్కర్లేదు. నా దగ్గర ఎనిమిదే. వి ఆకారం మూతి ఉలి ఒకటి, బల్లపరుపు ఉలులు రెండు, మిగిలినవి వంపు మూతి ఉలులు. వాటిని ఇక్కడ గౌజ్ అంటారు, వంపు ఎంతో చెప్పడానికి నంబర్లుంటాయి. నంబర్ పెరిగే కొద్దీ లోతైన వంపు. ఉలుల సంఖ్య కంటే పదును ముఖ్యం. మొదటి నెలంతా నాకు పదును అంటే ఏమిటో తెలియలేదని ఇప్పుడర్థమవుతోంది. రాయి మీద నూరాక తోలు పట్టీ మీద పాలిష్ మందు రాసి లాగాలి, అంచు అద్దంలా మెరవాలి. చెక్కుతున్నప్పుడు ప్రతి పది పదిహేను నిమిషాలకి మళ్లీ తోలు మీద రెండు లాగులు. పదునున్న ఉలి కోసిన చోట మేపుల్ గాజులా మెరుస్తుంది. మొద్దు ఉలి కోసిన చోట తెల్లగా, నలిగినట్టు ఉంటుంది. చెవికి కూడా తెలుస్తుంది, కోత శబ్దం మారిపోతుంది.

సాధన కోసం మొదట మెత్తటి బాస్‌వుడ్ ముక్క తీసుకున్నాను. దాని మీద అంతా బాగానే వచ్చింది. పెద్దాయన చూసి, స్టాక్ కోసేటప్పుడు మిగిలిన మేపుల్ ముక్కల మీద చెయ్యమన్నాడు. మెత్తటి చెక్క మన తప్పుల్ని దాచేస్తుంది. నా స్టాక్ కర్లీ మేపుల్. పులి చారల్లాంటి అడ్డ పట్టీలతో ఎంతో అందంగా ఉంటుంది, చెక్కడానికి మాత్రం చాలా కష్టం. ఆ చారలు రావడానికి కారణమే పీచు అలల్లా పైకీ కిందికీ ఊగడం. ఒక చార మీద ఉలి సాఫీగా పోతుంది, పక్క చార దగ్గరకొచ్చేసరికి పీచు ఎదురు తిరిగి పెచ్చు లేస్తుంది. ఒకే వంపుని సగం ఇటు నుంచి, సగం అటు నుంచి కోయాలి. అలాంటి ముక్కల మీద అదే సి వంపు ఇరవై సార్లు చెక్కాక గానీ స్టాక్ జోలికి వెళ్లలేదు.

ఇక అసలు పని. ముందు వి ఉలితో గీత బయటి పక్కగా గాడి తీశాను. తర్వాత గీతకి సరిపోయే వంపున్న ఉలిని నిలువుగా పెట్టి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టుతూ లత అంచు కోశాను. ఒక్కో ఉలి వంపుకి లతలో ఒక్కో చోటు సరిగ్గా అతుకుతుంది. చాలా లోతుగా దిగకూడదు, దిగితే చివర్లో ఆ కోతల గుర్తులు నేల మీద మిగిలిపోతాయి. ఆ తర్వాత చుట్టూ నేల దించడం, అంటే లత చుట్టూ ఉన్న చెక్క తీసి పల్లం చేయడం.

ఇక్కడే నేను ఆగిపోయాను. లత నిలబడింది, కానీ అంటించిన స్టిక్కర్‌లా ఉంది. వారం రోజులు ఆకుల్ని దిద్దాను, ఈనెలు లోతు చేశాను, ఏం చేసినా అలాగే ఉంది. ఒక రాత్రి నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను.

“పై లైటు ఆపెయ్యరా. దీపం పక్క నుంచి పెట్టు,” అన్నాడు.

పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు.

“ఆకుల జోలికి పోకు. నీ నేల బాలేదు. లత పక్కన కాలవ తవ్వినట్టుంది చూడు. ఆ పల్లాన్ని అట్టా బయటికి లాక్కుపో, ఎక్కడ మొదలైందో తెలీకూడదు. నేల సాపుగా వస్తే లత దానంతటదే కనబడుద్ది.”

ఆయన ఎప్పుడూ తుపాకీ చెక్కలేదు. మర్నాడు పెద్దాయన దగ్గరికెళ్తే సరిగ్గా అదే మాట ఆయన భాషలో చెప్పాడు. లత పక్కన దించిన లోతుని అంగుళం, అంగుళంన్నర దూరం దాకా వాలుగా తీసుకెళ్లి స్టాక్ వంపులో కలిపేయాలి. అప్పుడు లత చెక్కలోంచే ఉబికి వచ్చినట్టు ఉంటుంది. నా మూడున్నర నెలల్లో దాదాపు రెండు నెలలు ఆ నేల పనికే పోయాయి. బల్లపరుపు ఉలితో పొరలు పొరలుగా తీయడం, చిన్న స్టీలు రేకుల్ని నూరి చేసుకున్న స్క్రేపర్లతో గీకడం, దీపం జరపడం, వేలితో తడమడం, మళ్లీ గీకడం. అక్కడ గరుకు కాగితం వాడకూడదు. అది లత అంచుల్ని అరగదీసి మొద్దుబారుస్తుంది. పూర్తయ్యాక లత ఎత్తు ఒక మిల్లీమీటరు మించి లేదు. అంత తక్కువ ఎత్తులో అంత నీడ ఎలా పడుతుందో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నేల పని దాదాపు అయిపోయిందనుకున్న రోజున ఒక ఆకు కొస ఎగిరిపోయింది. కొస పీచుకి అడ్డంగా ఉంది, కింద ఆధారం లేదు, ఉలి కాస్త తోసింది. గోధుమ గింజలో సగం ఉంటుంది ఆ ముక్క. కాళ్లు వణికాయి. పద్నాలుగు నెలల పని కళ్ల ముందు తిరిగింది. ఎక్కడి చెక్కపొట్టు అక్కడే ఉంచి, టార్చి వేసుకుని గరాజ్ గచ్చు మీద మోకాళ్ల మీద వెతికాను. నలభై నిమిషాలకి దొరికింది. సూది మొనతో జిగురు పెట్టి, దాని చోట దాన్ని కూర్చోబెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున పొంగిన జిగురు మొత్తం గీకేయాలి, జిగురు తగిలిన చెక్క రంగు పట్టదు. అలాంటి కొసలున్న చోట ముందు పక్కనున్న చెక్కని తగ్గించి, కొసని ఆఖర్న, లోపలికి కోస్తూ తీయాలని ఆ తర్వాత నేర్చుకున్నాను.

చివరగా తడి గుడ్డతో స్టాక్ మొత్తం తుడిచి ఆరబెట్టాను. పీచు మీసాల్లా లేస్తుంది, దాన్ని పదునైన స్క్రేపర్‌తో తీసేయాలి. రెండు మూడు సార్లు చేశాక లేవడం ఆగింది. రంగుకి పాత పద్ధతే వాడాను. నైట్రిక్ యాసిడ్‌ని పాతకాలం వాళ్లు ఆక్వా ఫోర్టిస్ అనేవారు, అందులో ఇనుము కరిగించి పూసేవారు. నేను దాని బదులు ఫెర్రిక్ నైట్రేట్ పలుకుల్ని నీళ్లలో కలిపి పూశాను. చేతులకి గ్లవ్స్, గరాజ్ తలుపు బార్లా. ఆరాక చూస్తే పాచి పట్టినట్టు ఆకుపచ్చగా, అసహ్యంగా ఉంది. తర్వాత హీట్ గన్ పట్టుకుని వేడి తగిలిస్తూ పోతే, వేడి తగిలిన చోటల్లా ఎర్రటి గోధుమ రంగు పాకుతూ వచ్చింది. చారలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. లత అంచులు సన్నగా ఉంటాయి కాబట్టి అవి ముందే మాడతాయి, గన్‌ని ఎక్కడా ఒక్క క్షణం నిలపకూడదు. అది చేస్తున్నంతసేపు ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. రంగు కుదిరాక లిన్‌సీడ్ ఆయిల్ చేత్తో రుద్దాను, రోజుకో పలుచటి పూత, వారం పాటు.

నూనె ఆరాక నాన్నకి మళ్లీ కాల్ చేశాను. ఈసారి చెప్పకుండానే పై లైటు ఆపి, దీపం పక్కన పెట్టాను. ఫోన్ దగ్గరికి, ఇంకా దగ్గరికి జరపమన్నాడు. ఆకు కొస అతికించిన చోటే ఆగాడు.

“ఇక్కడ ఊడిందా?”

“ఊడింది నాన్నా.”

“దొరికిందా, వేరే ముక్క పెట్టావా?”

“దొరికింది. అదే పెట్టాను.”

“ఊఁ” అని, అమ్మని పిలిచాడు చూడమని.