నేల ఉసిరి అనుకున్నాను

మొక్కల గ్రూపులో నిన్న నా పరువు పోయింది. ఫోటో పెట్టి 'నేల ఉసిరి, ఫిల్లాంథస్ అమారస్' అని ధీమాగా రాశాను. ఆకుల వరస, కింద వేలాడే బుల్లి కాయలు, అన్నీ సరిపోయాయి మరి. యాప్ కూడా అదే చెప్పింది.

కాసేపటికి ఒకావిడ అడిగారు: "కాయకి కాడ ఉందాండీ?"

మళ్లీ వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, కొమ్మ తిప్పి చూశాను. కాయలు కొమ్మకి అతుక్కునే ఉన్నాయి, కాడ దాదాపు లేదు. పైన గరుకుగా, చిన్న బుడిపెలు. అమారస్ కాయ నున్నగా ఉంటుంది, సన్నటి కాడకి వేలాడుతుంది. నాది ఫిల్లాంథస్ యూరినేరియా! 1753లోనే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టేసిన మొక్కని నేను 2 నిమిషాల్లో మార్చేశాను.

ఇంకోటి కూడా ఆవిడే చెప్పారు, అది విన్నాక రాత్రంతా అదే ఆలోచన. చింతాకులా కనిపించే ఆ రెమ్మ నిజానికి ఒక్క ఆకు కాదట, విడివిడి ఆకులున్న చిన్న కొమ్మ. గుర్తేమిటంటే పువ్వులు ప్రతి ఆకు మొదట్లోనూ వస్తాయి. చింతాకులో చిట్టి ఆకుల దగ్గర మొగ్గ రాదు కదా! ఫిల్లాంథస్ అన్న మాటకి గ్రీకులో ఆకు, పువ్వు అనే అర్థమట. పేరులోనే ఉంది, నేనే చదవలేదు.

తెలుగులో మాత్రం రెండింటినీ నేల ఉసిరి అనేస్తాం. అందుకే 'సగం కరెక్టే' అని వాదించాను. ఎవరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఫోటో తీసే ముందు ఆకు వెనక్కి తిప్పుతున్నాను.